సీరియల్ కిల్లర్ ప్రీక్వెల్ తీయాలంటే: నల్లగొండ, పాలమూరు బృందాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కల్పిత హంతకుడి మీద ఒక సినిమా తీసి, వాడు అట్లా ఎట్లా తయారయ్యాడో చెప్పే ముందుకథకు సిద్ధమవుతున్న చిన్న బృందాల కోసం ఈ పేజీ. జవాబులన్నీ ఒకే ఉదాహరణ మీద నడుస్తాయి. మొదటి సినిమా కథ 2015లో, దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో జరిగింది అనుకుందాం. హంతకుడు 45 ఏళ్ల బోరు మోటార్ల మెకానిక్. అందరికీ తెలిసినవాడు, ఏ ఊరికి ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాడో ఎవరూ పట్టించుకోరు. శవాలు ఎండిపోయిన పాత బావుల్లో దొరుకుతాయి. వాడు పుట్టింది 1970లో. ప్రీక్వెల్ కథ 1980 నుంచి 1991 దాకా.

మొదటి సినిమా మా దోస్తుది. అదే పాత్రతో ప్రీక్వెల్ మేం తీయొచ్చా?

నోటిమాట మీద మాత్రం మొదలుపెట్టొద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ సంతకంతో, రాతపూర్వకంగా ఉండాలి. కాగితంలో గడువు రాయకపోతే అది 5 ఏళ్లకే చెల్లుతుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా చూడాలనుకుంటే ఆ రెండు ముక్కలూ కాగితంలో పడాల్సిందే. పాత్ర పేరు, కథ, పాత ఫుటేజీ, నేపథ్య సంగీతం, ఈ నాలుగింటినీ విడివిడిగా రాయించుకోండి. సంగీతం హక్కు చాలాసార్లు దర్శకుడి చేతిలో ఉండదు. మొదటి సినిమాలో హంతకుడి ఈల పాట జనానికి గుర్తుండిపోయి, తీరా ప్రీక్వెల్‌కు అది వాడుకోలేని పరిస్థితి ఇక్కడే వస్తుంది.

వాడు చావడని, 2015 దాకా దొరకడని ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఇక ఉత్కంఠ ఎక్కడిది?

వాడి చుట్టూ ఉన్నవాళ్లలో. చంపుతాడా, దొరుకుతాడా, బతుకుతాడా అనే మూడు ప్రశ్నలు మొదటి సినిమాతోనే అయిపోయినయ్. స్క్రిప్టు వాటి మీద నడిస్తే మొదటి అరగంటలోనే జనం ఫోన్లు తీస్తారు. మొదటి సినిమాలో పేరు కూడా వినబడని ఇద్దరు ముగ్గురిని సృష్టించండి. మన ఉదాహరణలో పని నేర్పిన ఉస్తాద్ ఒకడు, సొంత అక్క ఒకతి. వాళ్లకు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఉస్తాద్‌కు అనుమానం ఎప్పుడొస్తుంది? వచ్చినంక ఊరికి చెప్తాడా, పని పోతుందని నోరు మూసుకుంటాడా? అక్క ఏం చూసింది? కథ బరువంతా ఇక్కడ పెట్టాలి.

ఇంకో తప్పు ఇంతకంటే ఎక్కువగా జరుగుతుంది. మొదటి సినిమాలో హంతకుడికి ఎర్ర తువ్వాల, ఈల, తోలు సంచి, ఎడమచేతి వాటం, పాలు తాగకపోవడం లాంటి గుర్తులుంటాయి. ప్రీక్వెల్ రచయిత ఒక్కోదానికీ ఒక్కో సీను రాసి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకుంటూ పోతాడు. సినిమా కాస్తా బడిలో హాజరు పిలిచినట్టు తయారవుతుంది. స్క్రిప్టు మొదలుపెట్టకముందే పాత సినిమాలోని గుర్తులన్నీ ఒక కాగితం మీద రాయండి. వాటిలో రెండింటికే మూలం చూపండి. మిగతావి వాడి ఒంటి మీద ఉంటే చాలు.

చిన్నప్పుడు జరిగిన ఘోరం వల్లే ఇట్లా అయ్యాడని చూపితే తప్పేంటి?

దెబ్బ తిన్న పిల్లలు లక్షల్లో ఉంటారు, వాళ్లు హంతకులు కారు. ప్రేక్షకుల్లో కూడా అట్లాంటివాళ్లు కూర్చుని ఉంటారు. ఒక్క గాయం చూపి, దాని నుంచి నేరుగా హత్యకు దూకితే వాళ్లను అవమానించినట్టు, హంతకుడికి సాకు ఇచ్చినట్టు. గాయం ఉండొచ్చు, కానీ అదే గాయం ఇంకొకరికి కూడా తగలాలి. తండ్రి తాగొచ్చి కొడితే అక్కను కూడా కొట్టాడు. ఆమె చంపలేదు. అక్క పాత్ర పెట్టమన్నది ఇందుకే.

వాడు హంతకుడవడాన్ని మెట్లుగా రాయండి. ప్రతి మెట్టు దగ్గరా వాడు వెనక్కి తిరిగే వీలుండాలి, దాన్ని ప్రేక్షకుడు చూడాలి. కనీసం నాలుగు మెట్లు లేకపోతే మార్పు నమ్మబుద్ధి కాదు. ఒక మెట్టు ఇట్లా ఉంటుంది: 1986, పదహారేళ్ల వయసు. ఆ రోజుల్లో మోటారు నీళ్లు ఎత్తకపోతే పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు చూడ్డానికి మనిషి బావిలోకి దిగాల్సిందే. కూలి దగ్గర పేచీ పెట్టిన రైతు తానే దిగి, కాలుజారి నీళ్లలో పడతాడు. పైన వీడి చేతిలో మోకు, అంటే లావు తాడు, ఉంది. రైతు పేరుపెట్టి పిలుస్తాడు. వీడు మోకు విసరడు, అట్లా అని పారిపోడు కూడా. నిలబడి చూస్తాడు. వాడు తోయలేదు, పొడవలేదు. ఊరు దాన్ని ప్రమాదం అనుకుంటుంది. మోకు చుట్ట విప్పబోయి ఆగిన వేళ్లను దగ్గరగా చూపండి, చాలు. ఆ షాట్ ముందు పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ కూడా నిలవదు.

నిద్రలో పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువుల్ని హింసించడం, ఈ మూడూ ఉంటే హంతకుడవుతాడనే సూత్రం స్క్రిప్టుల్లో తెగ తిరుగుతుంది. అది 1963లో మెక్‌డొనాల్డ్ అనే మానసిక వైద్యుడి వ్యాసం నుంచి వచ్చింది. తర్వాతి పరిశోధనలు దాన్ని గట్టిగా నిలబెట్టలేదు. మూడింటినీ వరసగా పెట్టేస్తే పాత్ర పోయి జాబితా మిగులుతుంది.

మన ప్రాంతానికి సంబంధించి మూడు హద్దులు గీసుకోండి. ఫ్లోరోసిస్‌తో వంగిన కాళ్లను, గారపట్టిన పళ్లను చెడ్డతనానికి గుర్తుగా వాడొద్దు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు తరాల తరాలు ఆ నీళ్లు తాగి బతికినయ్. హంతకుడి కులాన్ని, తండాను కారణంగా చూపొద్దు. తండ్రి పాలమూరు కూలీగా బొంబాయి వలసపోయాడని చూపొచ్చు, అది ఆ కాలపు బతుకు. కానీ వలసే వీణ్ణి హంతకుణ్ణి చేసిందంటే వలసపోయిన ఊరంతటి మీదా నింద పడ్డట్టు. ఇక జబ్బు పేరు. డాక్టరు పాత్ర వచ్చి ఏదో మానసిక వ్యాధి పేరు చెప్పి కథను ముగించడం సోమరితనం. మానసిక జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరినీ ఏమీ చేయరు, చాలాసార్లు దెబ్బలు తినేది వాళ్లే.

ప్రీక్వెల్‌లో ఎన్ని హత్యలు ఉండాలి?

రెండు చాలు. ఒకే మనిషి వేర్వేరు సందర్భాల్లో ఇద్దరిని లేదా అంతకంటే ఎక్కువమందిని చంపితే సీరియల్ కిల్లర్ అనొచ్చని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2005లో జరిపిన సదస్సులో తేల్చారు. రెండో హత్యతో సినిమా అయిపోవడమే మేలు. మూడో హత్య నుంచి అది మొదటి సినిమాకు నకలు.

1980ల నల్లగొండ, మహబూబ్‌నగర్ చూపడంలో ఏవి తప్పుతాయి?

చాలా. కాలం తప్పితే మనూళ్లో అరవై ఏళ్ల పెద్దమనిషి కూడా పట్టేస్తాడు. వరసగా చూడండి.

పాలన: 1984 దాకా ఊళ్లో పటేల్, పట్వారీ ఉంటారు. ఆ ఏడే ఆ వ్యవస్థ రద్దయింది. మండలాలు వచ్చింది 1985లో. 1982 సీనులో ఎవరైనా 'మండల ఆఫీసుకు పో' అంటే తప్పు. అప్పటికి తాలూకా, సమితి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, సూర్యాపేట, యాదాద్రి జిల్లాలు 2016 అక్టోబరులో, నారాయణపేట 2019లో వచ్చినయ్. 2015 నాటి మొదటి సినిమాలో కూడా 'సూర్యాపేట జిల్లా' బోర్డు ఉండకూడదు.

బండ్ల నంబర్లు: ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్‌ది ఏపీ 22, నల్లగొండది ఏపీ 24. ఈ పద్ధతి 1988 మోటారు వాహనాల చట్టం తర్వాతిది. తెలంగాణ వచ్చాక నల్లగొండకు టీఎస్ 05, మహబూబ్‌నగర్‌కు టీఎస్ 06. టీజీ అక్షరాలు 2024 మార్చి నుంచే. 1985 సీనులో జీపు నంబరు మీద అనుమానం ఉంటే ప్లేటుకు బురద కొట్టండి. ఆ రోడ్లకు అది సహజంగానే ఉంటుంది.

డబ్బు: ఐదొందల నోటు వచ్చింది 1987లో. అంతకుముందు సీనులో హంతకుడు చెల్లించేది వంద నోట్లతోనే.

పంటలు: వెనకాల పత్తి చేను కనబడితే 1980ల ముఖం పోతుంది. అప్పటి మెట్ట పొలాల్లో జొన్న, సజ్జ, ఆముదాలు ఎక్కువ. ఆముదం చేను ఇప్పుడు దొరకాలంటే వెతకాలి, దొరికితే మాత్రం వదలొద్దు. మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఎడమకాలువ ఆయకట్టు పచ్చగా ఉంటుంది. కరువు సీన్లకు అది పనికిరాదు. పాలమూరులో లిఫ్టు కాలువలు తర్వాతి కాలానివి, ఫ్రేములోకి రానీయొద్దు.

ఇండ్లు: గూన పెంకలు, మట్టి మిద్దెలు, అరుగుల మీద షాబాదు బండలు. లొకేషన్ చూసినప్పుడు ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీసి, తీసేయాల్సినవి గుర్తుపెట్టండి: డిష్ గొడుగులు, సీసీ రోడ్డు, మిషన్ భగీరథ ట్యాంకు, సెల్ టవరు, ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల టిన్నులు, గోడల మీద పార్టీల రాతలు. సీసీ రోడ్డు మీద రెండంగుళాల మందాన మట్టి పరిస్తే ఒక గల్లీ సరిపోతుంది. ట్రాక్టరు ట్రక్కు మట్టి రెండంగుళాల మందాన సుమారు 50 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు పరుచుకుంటుంది. ఊరంతా కప్పలేరు కాబట్టి కెమెరా కోణం ముందే తేల్చుకోండి.

కరెంటు: కథకు ఇది దొరికిన వరం. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు త్రీఫేజు విడతల వారీగా, తరచుగా రాత్రిపూట వచ్చేది. టార్చిలైటు పట్టుకుని రైతులు అర్ధరాత్రి స్టార్టర్ దగ్గరికి పోయేవాళ్లు. అట్లాంటి రాత్రుల్లో మోటారు మెకానిక్ పొలాల్లో తిరుగుతుంటే ఎవడు అనుమానిస్తాడు? మొదటి సినిమాను 2015లో పెట్టడానికి కారణం అదే. ప్రీక్వెల్ రాత్రి సీన్లకూ ఇదే ఆధారం. అయితే 1980ల్లో సబ్‌మెర్సిబుల్ మోటార్ల కంటే బావి గట్టు మీది మోనోబ్లాక్ మోటార్లు, ఆయిల్ ఇంజన్లు చూపడమే సరైనది. స్క్రాపు దుకాణాల్లో పాతవి అద్దెకు దొరుకుతాయి. నడవకపోయినా ఫరవాలేదు, చప్పుడు విడిగా రికార్డు చేసుకోవచ్చు.

పోలీసు సీన్లలో ఏం చూసుకోవాలి?

సెక్షన్లు. హత్య అంటే భారతీయ న్యాయ సంహితలో 103, కానీ అది 2024 జులై 1 నుంచే అమల్లో ఉంది. 1991లోనైనా, 2015లోనైనా పోలీసు నోటి నుంచి రావాల్సింది పాత ఐపీసీలోని 302. డబ్బింగులో ఈ పొరపాటు దొర్లుతుంది, ఎందుకంటే ఇప్పటి రైటరు ఇప్పటి అంకె రాసేస్తాడు.

డీఎన్‌ఏ పరీక్ష మనదేశంలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ బృందం 1988లో సాధించింది. 1991లో తాలూకా కేంద్రపు ఎస్సై దాన్ని అడిగే అవకాశం దాదాపు లేదు. పంచనామా, వేలిముద్రలు, పోలీసు కుక్క, ఊరి పెద్దల వాంగ్మూలం, ఆ కాలపు దర్యాప్తుకు ఇవి సరిపోతాయి. నీళ్లలో నానిన శవం మీద వేలిముద్రలకు ఆశ తక్కువ. బావి ఎందుకో ప్రేక్షకుడికి చెప్పకుండానే అర్థమవుతుంది.

పదేళ్ల పిల్లాడు, పదహారేళ్ల కుర్రాడు, 21 ఏళ్ల మనిషి, ముగ్గురూ ఒకడే అని నమ్మించేదెట్లా?

ముఖాల పోలిక వెతుకుతూ నెలలు పోగొట్టొద్దు. ప్రేక్షకుడు ముక్కు తేడాను క్షమిస్తాడు, చేతివాటం మారితే క్షమించడు. మొదటి సినిమా నటుడి దగ్గర స్థిరపడిన అలవాట్లలో మూడింటిని ఎంచుకోండి. ఏ చేత్తో పానా పడతాడు, మాట్లాడేముందు ఎటు చూస్తాడు, కూర్చున్నప్పుడు కాళ్లెట్లా పెడతాడు. ఎడమచేతి వాటం ఉంటే పిల్లాడు కూడా పుట్టుకతో ఎడమచేతివాడే కావాలి. నేర్పిస్తే దగ్గరి షాట్‌లో దొరికిపోతాడు. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో రెండు మూడు బళ్లలో అడిగితే అట్లాంటి పిల్లలు దొరుకుతారు. మచ్చ ఉంటే ఏ వయసులో పడిందో, అప్పట్నుంచి ప్రతి సీనులో ఎక్కడుందో మేకప్ మనిషి ఫొటోతో సహా పుస్తకంలో రాసిపెట్టాలి. పెరిగేకొద్దీ మచ్చ పాలిపోతుంది, సాగుతుంది. పదేళ్లప్పటి అంగుళం మచ్చ 21 ఏళ్లకు కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

పిల్లాడితో హింస ఉన్న సీన్లు తీయొచ్చా? అనుమతి కావాలా?

14 ఏళ్లలోపు పిల్లలకు జిల్లా కలెక్టరు అనుమతి తప్పనిసరి. బాలకార్మిక నిబంధనలకు 2017లో వచ్చిన సవరణలో ఇది ఉంది. ఫారం సి నింపి, పిల్లల వివరాలు, తల్లిదండ్రుల సమ్మతి, బాధ్యుడి పేరు ఇవ్వాలి. అనుమతి ఆరు నెలలు చెల్లుతుంది. రోజుకు 5 గంటలకు మించి పని చేయించొద్దు, విరామం లేకుండా 3 గంటలు దాటొద్దు, వరసగా 27 రోజులకు మించొద్దు. ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లాడి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పిల్లలకు ఎట్లాంటి హాని జరగలేదన్న ప్రకటన సినిమాలో వేయాలి. మొదటి షెడ్యూల్‌కు నెల రోజుల ముందైనా కలెక్టరేట్‌లో కాగితాలు పడాలి. వారం ముందు పోతే షూటింగే వాయిదా పడుతుంది.

సెట్‌లో పద్ధతి: పిల్లాడికి కథ మొత్తం చెప్పొద్దు. తండ్రి కొట్టే సీనులో కొట్టే నటుడు, పిల్లాడు ఒకే ఫ్రేములో ఉండాల్సిన పని లేదు. తండ్రి చేయి, గోడ మీద నీడ, బెల్టు చప్పుడు విడిగా తీయండి. పిల్లాడి ముఖం తీసేటప్పుడు 'ఆ చెట్టు మీద పిట్ట ఎటు పోయిందో చూడు' లాంటి సూచన ఇవ్వండి. ఆ చూపును ఎడిటింగ్‌లో బెల్టు చప్పుడు పక్కన పెడితే భయమంతా ప్రేక్షకుడే నింపుకుంటాడు. రక్తం ఉన్న సెట్‌లోకి పిల్లాణ్ణి తేవొద్దు. పైగా సెన్సారు మార్గదర్శకాల్లో పిల్లల్ని హింసకు బాధితులుగా, సాక్షులుగా చూపడంపై ప్రత్యేకంగా జాగ్రత్త ఉంది, కాబట్టి నేరుగా తీసిన షాట్ చివరికి కత్తెరకు పోయే అవకాశమే ఎక్కువ.

బావి సీన్లు నిజమైన బావిలో తీయొచ్చా?

గట్టు మీద తీయొచ్చు, లోపల వద్దు. ఏళ్లుగా వాడని బావిలో అడుగున ప్రాణవాయువు తక్కువగా ఉండి దిగినవాడు క్షణాల్లో సొమ్మసిల్లుతాడు, కాపాడ్డానికి దిగినవాడూ పడిపోతాడు. లాంతరు దించి చూసే పాత పద్ధతి అన్ని వాయువులనూ పట్టదు. ఒరలు జారడం, పాములు దానికి అదనం.

లోపలి షాట్‌కు మరుగుదొడ్ల గుంతలకు వాడే సిమెంటు రింగులు తెప్పించండి. నాలుగడుగుల వ్యాసం, ఒక్కోటి అడుగు ఎత్తు ఉండేవి ఐదు, చదునైన నేల మీద ఒకదానిపై ఒకటి పేర్చాలి. కెమెరా అడుగున ఆకాశం వైపు పెడితే గుండ్రటి వెలుగులోంచి తొంగిచూసే ముఖం కనబడుతుంది. వెడల్పు లెన్సు వేస్తే ఐదడుగులు ముప్ఫై అడుగుల్లా కనబడతాయి. రింగుల లోపలి వైపు పేడ, బొగ్గుపొడి, నీళ్లు కలిపి పూసి, పైపైన నాచులా పచ్చరంగు కొట్టండి. ఆరాక తడి బట్టతో తుడిస్తే పాత బావి వాలకం వస్తుంది. రింగు ఒక్కోటి ఇద్దరు ముగ్గురు మోసే బరువు, పేర్చేటప్పుడు వేళ్లు జాగ్రత్త. పైన వాలే నటుడు రింగు మీద బరువు వేయకుండా పక్కన స్టూలు పెట్టాలి.

శవం బావిలో పడే షాట్‌కు వరిగడ్డి బొమ్మ కడతారు. వట్టి గడ్డితో కడితే గాలికి తేలుతూ పడుతుంది, నవ్వొస్తుంది. నడుము దగ్గర ఇసుక సంచి కట్టి మొత్తం 20 కిలోలకు తేవాలి. చేతులు, కాళ్ల దగ్గర చిన్న ఇసుక మూటలు పెడితే అవయవాలు విడివిడిగా ఊగుతాయి. పడిన చప్పుడు విడిగా రికార్డు చేయండి. ఇది తీసేముందు సర్పంచికి, పోలీసు స్టేషనుకు చెప్పి ఉండాలి. లేకపోతే దూరం నుంచి చూసినోళ్లు 100కు ఫోన్ చేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం.

రక్తం ఎట్లా కలపాలి?

బేకరీ సామాను దుకాణంలో దొరికే లిక్విడ్ గ్లూకోజు 1 కిలో, గోరువెచ్చని నీళ్లు 250 మిల్లీలీటర్లు, ఎరుపు ఫుడ్ కలరు పొడి 1 చెంచా, కోకో పొడి 2 పెద్ద చెంచాలు. కోకోను ముందు కొద్ది నీళ్లలో ఉండలు లేకుండా కలపాలి. చివర్లో నీలం రంగు అగ్గిపుల్ల మొనకు అంటినంత. అది లేకపోతే ఎల్‌ఈడీ లైటు కింద రక్తం నారింజరంగులోకి పోతుంది. కలిపిన వెంటనే వాడే లైటు, వాడే కెమెరా కింద తెల్లబట్ట మీద చూడండి. కంటికి బాగున్నది కెమెరాకు బాగుండకపోవచ్చు. ఎండలో గంట ఆరిన రక్తానికి కోకో రెట్టింపు చేయండి.

నల్లగొండ ఎండలో ఈ రక్తానికి పెద్ద శత్రువులు ఈగలు, చీమలు. నటుడు శవంలా కదలకుండా పడుకుంటే ముఖం మీద చీమలు పాకుతాయి. ఆరుబయట పెద్ద మొత్తానికి లీటరు నీళ్లలో 50 గ్రాముల కార్న్‌ఫ్లోర్ ఉడికించి చల్లార్చి రంగు కలపండి. తీపి లేదు కాబట్టి చీమల బాధ తగ్గుతుంది, కానీ వేసవిలో మర్నాటికి పులుస్తుంది, ఏ రోజుకారోజు కాయాలి. బట్టల మీద పడేదాంట్లో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపితే మరక ఉతుకుడుకు లొంగుతుంది. నోట్లోంచి వచ్చేదాంట్లో మాత్రం సబ్బు కలపొద్దు. ఒంటికి ముందు కొబ్బరినూనె రాస్తే రంగు అంటుకోదు. సున్నం గోడ మీద పడితే ఇక పోదు. అట్లాంటి చోట సున్నం కొట్టిన ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టండి. ఇంటాయన మీతో మాట్లాడాలంటే ఇది తప్పదు.

హత్య సీనులో వేసుకునే చొక్కా ఒకేరకంవి కనీసం మూడు ఉండాలి.

కత్తులు, పనిముట్లు?

మెకానిక్ కాబట్టి పానా, సుత్తి, గొలుసు సరిపోతాయి. దగ్గరి షాట్‌కు అసలు పానా, కొట్టే షాట్‌కు ఫోము మీద రబ్బరు పూసిన నకలు. రెండూ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి అసలుదానికి పిడి కింద తెల్లటేపు అంటించండి. వాటిని తీసేది, ఇచ్చేది ఒక్కడే అయి ఉండాలి. సేద్యం, ఇంటి అవసరాల కోసం చేసినవి కాకుండా 9 అంగుళాలు దాటిన బ్లేడు ఆయుధాల చట్టం కిందికి వస్తుంది, దాన్ని బండిలో వేసుకుని తిరగొద్దు.

జంతువుల్ని చూపొచ్చా?

జంతువుతో సీను ఉంటే భారత జంతు సంక్షేమ బోర్డు ముందస్తు అనుమతి, సర్టిఫికెట్ సమయానికి వాళ్ల నిరభ్యంతర పత్రం కావాలి. బోర్డు ఆఫీసు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. నెల, నెలన్నర ముందే దరఖాస్తు పెట్టాలి. పల్లె సినిమాల్లో ఎద్దు మామూలే అనుకుంటారు గానీ, ప్రదర్శనకు శిక్షణ ఇవ్వకూడని జంతువుల జాబితాలో అది 2011లో చేరింది. ఎద్దుతో సీను ఉందంటే ముందు బోర్డును అడిగి తేల్చుకోండి. పిల్లాడు కుక్కపిల్లను హింసించే సీను గురించి అడిగేవాళ్లకు ఒకటే మాట: తీసేయండి. ఖాళీ గొలుసు, వెతుకుతున్న అక్క గొంతు చాలు.

షూటింగ్ అనుమతులు ఎక్కడెక్కడ?

ప్రైవేటు పొలమైతే యజమాని సంతకం, పంచాయతీకి ఒక లేఖ, పోలీసు స్టేషనుకు సమాచారం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా కెమెరా తీయొద్దు. అలంపురం గుడుల్లాంటి రక్షిత కట్టడాలకు పురావస్తు శాఖను అడగాలి. నాగార్జునసాగర్ డ్యాము మీద డ్రోను ఆలోచన మానుకోండి. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో 1988 చూపుదామనుకుంటే ఫ్లెక్సీలే పని కానీయవు. ఆ సీనును పాత ఇంటి లోపలికి మార్చండి.

మేమంతా ఇక్కడివాళ్లమే. సంభాషణల గురించి ఎందుకు ఆలోచించాలి?

మాట్లాడేటప్పుడు ఇక్కడివాళ్లమే, రాసేటప్పుడు టీవీ భాష రాస్తాం కాబట్టి. 'తాడు పట్టుకుంటారా మాస్టారూ' అని ఆ కుర్రాడు అనడు. 'మోకు వట్టుకుంటవా ఉస్తాద్?' అంటాడు. ఉస్తాద్ జవాబు: 'నేనుండంగ నీకేం భయంరా, పానా నడుముకు కట్టుకో, దిగు.' తండ్రిని నాయిన అనాలి, అవ్వ అంటే తల్లా నాయనమ్మా అనేది మీరు ఎంచుకున్న ఊరిని బట్టి తేల్చుకోండి. నారాయణపేట, మక్తల్ వైపు కథ జరిపితే కన్నడ యాస తగులుతుంది. అక్కడి నటుడికి నల్లగొండ మాట పెట్టొద్దు. తండా మనుషులు ఇంట్లో వాళ్ల భాషే మాట్లాడుకుంటారు, ఆ రెండు మాటలు వాళ్లనే అడిగి రాయండి. ఇక హంతకుడికి తన గురించి తాను చెప్పుకునే ఉపన్యాసం రాశారా, అది కొట్టేయండి.

ఇక్కడ నిజంగా జరిగిన హత్యల్ని వాడుకోవచ్చా?

వద్దు. ఆ ఇండ్లలో మనుషులు ఇంకా ఉన్నారు. లైంగిక నేరాల బాధితుల వివరాలు బయటపెట్టడం నేరం, పిల్లలైతే పోక్సో చట్టం కింద ఇంకా కఠినం. ఊరి పేరు, బావి, బాధితుల వయసు, బడి యూనిఫారం, వీటిలో ఏ రెండు కలిసినా జనం గుర్తుపడతారు. 'ఈ కథ కల్పితం' అనే కార్డు మిమ్మల్ని కాపాడుతుందనుకోవద్దు. కల్పిత ఊరి పేరు పెట్టి, ఆ పేరుతో ఊరు ఎక్కడా లేదని ముందే చూసుకోండి.

సెన్సారులో ఏ సర్టిఫికెట్ వస్తుంది?

థియేటర్లో వేయాలంటే సర్టిఫికెట్ తప్పనిసరి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ప్రాంతీయ ఆఫీసు హైదరాబాద్‌లో. 2024 నిబంధనలతో యూ/ఏ విభాగం 7+, 13+, 16+ గా విడిపోయింది. ఇట్లాంటి సినిమాకు 16+ గానీ, పెద్దలకు మాత్రమే అనే 'ఏ' గానీ వస్తుంది. 1991 మార్గదర్శకాల్లో నేరం చేసే పద్ధతిని చూపొద్దని ఉంది. కాబట్టి గొలుసు ఎక్కడ వేశాడు, శవాన్ని ఎట్లా దాచాడు లాంటివి పాఠంలా వివరించే షాట్లే ముందు పోతాయి. ఫలితం చూపండి, విధానం వదిలేయండి. కోత నచ్చకపోతే రివైజింగ్ కమిటీ, ఆ తర్వాత హైకోర్టు. మధ్యలో ఉండే ట్రిబ్యునల్‌ను 2021లో తీసేశారు. 1980ల కథ కాబట్టి బీడీ తప్పదు. అప్పుడు మొదట్లో, మధ్యలో 30 సెకన్ల చొప్పున ఆరోగ్య ప్రకటనలు, 20 సెకన్ల హెచ్చరిక, బీడీ కనబడినంతసేపూ కింద రాత తప్పనిసరి. ఉస్తాద్ ఒక్కడి చేతిలోనే బీడీ పెడితే రాత కనబడే నిమిషాలు తగ్గుతాయి.

రెండు భాగాలూ ఇంకా తీయలేదు. కలిపి తీయొచ్చా?

డబ్బుకు అదే మంచిది. 2022లో వచ్చిన 'ఎక్స్', దాని ప్రీక్వెల్ 'పెర్ల్' న్యూజిలాండ్‌లో వెంటవెంటనే తీసినవే. ఒకే ఇల్లు, ఒకే పొలం రెండు కాలాలకు పనికొస్తాయి. మనమైతే వరస తిరగేయాలి. ముందు 1980లు తీసి, తర్వాత అదే ఇంటికి రంగులు, ప్లాస్టిక్ ట్యాంకు, డిష్ పెట్టి 2015 తీయండి. కొత్తదాన్ని పాతగా చేయడం కంటే పాతదాన్ని కొత్తగా చేయడం చవక. డిసెంబరు, జనవరిలో మొదలుపెడితే మేకప్ నిలుస్తుంది. కరువు సీన్లకు మాత్రం ఏప్రిల్‌లో మూడు నాలుగు రోజులు వేరుగా ఉంచుకోండి.

యూట్యూబ్‌లో వేస్తే?

సెన్సారు సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ రక్తం ఎక్కువున్న వీడియోకు వయసు పరిమితి, ప్రకటనల కోత పడతాయి. థంబ్‌నెయిల్‌లో శవం, రక్తం వద్దు. బావి గట్టు మీద చుట్టిపెట్టిన మోకు పెట్టండి. మొదటి నిమిషంలో హత్య పెట్టొద్దు. పిల్లాడి ముఖం, అసలు పేరు ప్రచార పోస్టర్ మీద వేసేముందు తల్లిదండ్రుల దగ్గర వేరే సంతకం తీసుకోండి. షూటింగ్‌కు ఇచ్చిన సమ్మతిలో అది ఉండదు.